ఎనిమిది రేకుల నిషిద్ధ ప్రాంతం

ఈ నగరం పేరు చెబితే, ఇంతటి సౌకర్యం తమకెందుకు రాలేదని పొరుగు నగరాలవాళ్ళు అలుగుతారు. అందుకని చెప్పకపోవడమే మంచిది. సౌకర్యమంటే వేరే ఏమీ కాదు, వీధికో కన్ను. అది కరెంటు స్తంభం మీద కూర్చుని, నిలపకూడని చోట నిలిపిన బండిని తనే పోల్చుకుని, తనే ఫోటో తీసి, తనే జరిమానా రాసి, తనే బండి యజమాని ఫోనుకి పంపించేస్తుంది. మనిషి జోక్యం లేదు కాబట్టి పక్షపాతం ఉండదని ప్రారంభోత్సవంలో చెప్పారు. అలా చెప్పిన పెద్దమనుషుల కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉండడం వల్ల, ఉపన్యాసాలు అయ్యేదాకా ఆ కంటికి మాత్రం తువ్వాలు చుట్టి ఉంచారు.

ఆ కన్ను పెద్దగా చదువుకున్నది కాదు. నేల మీద తెల్లగీత కనిపిస్తే ఆ గీత మీద గానీ, దాని లోపల గానీ బండి ఉండకూడదు. దానికి నేర్పిందంతా అంతే. ఈ కథ జరిగిన పేర్రాజుగారి వీధిలో కార్పొరేషనువాళ్ళు ఏనాడూ ఒక్క గీత గీసి ఎరగరు. ఆ వీధిలో గీతలన్నీ ఆడవాళ్ళవి.

వాటిలో చెప్పుకోదగ్గవి హైమావతివి. తెల్లవారుతూనే వాకిట్లో కల్లాపి చల్లి, ముగ్గుగిన్నె చంకన పెట్టుకుని ఆమె ఒక్క నిమిషం నేలకేసి చూస్తుంది. నిన్న వేసింది ఇవాళ వెయ్యదు. బీఎస్సీ దాకా చదువుకున్న ఆమెకి ఇంట్లో కూర దగ్గర్నుంచి కర్టెన్ల దాకా ఇంకొకరి ఇష్టాయిష్టాలు చూసి చేసేవే. ఎవర్నీ అడగక్కర్లేనిది గుమ్మం ముందున్న ఆ చాపెడు నేల ఒక్కటే. ఆమె భర్త పాండురంగం సహకార బ్యాంకులో అకౌంటెంటు. నెమ్మదైన మనిషి, లెక్క తప్పని మనిషి. పొద్దున్నే స్కూటరు బయటికి తీసి సరిగ్గా ఆ చాపెడు నేల మీద స్టాండు వేస్తాడు. "ఏమండీ, ముగ్గు," అంటుంది ఆవిడ. "ఆఁ," అంటాడు ఆయన. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ సంభాషణలో ఒక్క అక్షరం మారలేదు.

అలాంటి ఒక పొద్దున, కాఫీ గ్లాసు సగంలో ఉండగా, పాండురంగం ఫోను టింగుమంది. నిషిద్ధ ప్రాంతంలో వాహనం నిలిపినందుకు జరిమానా. కింద ఫోటో. ఫోటోలో ఎనిమిది రేకుల పద్మం, ఆ పద్మం మూడో రేకు మీద ఆయన స్కూటరు ముందు చక్రం.

ఆయన మొదలుపెట్టాక చాలాసేపు ఆగలేదు. తన ఇంటి ముందు, తన భార్య ముగ్గు మీద, తన స్కూటరు పెట్టుకుంటే జరిమానా ఏమిటని, ఇది అన్యాయమని, దీని మీద అప్పీలుకి వెళ్ళి తీరతానని అన్నాడు. హైమావతి ఫోను చేతిలోకి తీసుకుని ఫోటో చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా వేస్తున్నా తన ముగ్గుని పైనుంచి చూడడం ఆమెకి ఇదే మొదటిసారి. రేకులన్నీ ఒకే కొలతకి ఎంత బాగా వచ్చాయో అనుకుంది. రెండో ఆలోచన పైకి అనలేదు గానీ, ఇంతకాలం తను చెబుతూ వచ్చిన మాటని ప్రభుత్వమంతా కలిసి ముద్ర వేసి మరీ చెప్పిందని ఆమెకి లోపల్లోపల పండగలా ఉంది.

అప్పీలు చేసుకోవాలంటే స్థిర వాహన నియంత్రణ విభాగానికి వెళ్ళాలి. కదిలే వాహనాలకి ఇంకో విభాగం ఉంది. ఈ విభాగంవారు కదలని వాటిని నియంత్రిస్తారు. ఆ ఫోటో పెద్ద సైజులో ప్రింటు తీసి ఇస్తారేమో అడుగుదామని హైమావతి కూడా వెళ్ళింది. అక్కడి ఉప నియంత్రణాధికారి పేరు గరుడాచలం. మాట్లాడే ముందు ప్రతిసారీ గొంతు సవరించుకుని, సవరణ పూర్తయిందో లేదో ఒక్క క్షణం ఆగి చూసుకునే అలవాటు ఆయనకుంది.

"గీత ఉన్నదా, లేదా?" అన్నాడు గరుడాచలం.

"ఉందండీ. కానీ అది గీత కాదండీ, ముగ్గు," అన్నాడు పాండురంగం.

"ముగ్గు అను పదము మా నియమావళియందు నిర్వచింపబడలేదు. వర్ణము తెలుపు. స్థానము నేల. ఆకారము నలువైపులా మూయబడినది. ఇన్ని లక్షణములు గలది రహదారి గుర్తు కాక మరేమిటి?"

"మా ఆవిడ వేసిందండీ అది."

గరుడాచలం కళ్ళజోడు తీసి, జాలిగా చూశాడు. "కొంచెం ఆలోచించి చెప్పండి. అనుమతి లేకుండా ప్రభుత్వ రహదారిపై గుర్తులు వేసి వాహన చోదకులను తప్పుదోవ పట్టించుట జరిమానాతో పోయే నేరం కాదు. శ్రీమతిగారిని ముద్దాయిగా చేర్చవలసిందిగా మీరు స్వయముగా కోరుచున్నారా?"

పాండురంగం భార్య వంక చూశాడు. కోరడం లేదని చెప్పడానికి ఆయన అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపు తీసుకున్నాడని హైమావతికి అనిపించింది.

అయితే దారి లేకపోలేదన్నాడు గరుడాచలం. జరిమానా కట్టేస్తే, ఆ గుర్తు సరైనదేనని ఉభయపక్షాలూ ఒప్పుకున్నట్టు. అప్పుడు దాన్ని విభాగంవారే క్రమబద్ధం చేసేస్తారు, ఇక శ్రీమతిగారి మీద ఏ దోషమూ ఉండదు. అప్పీలో, చెల్లింపో నెలాఖరులోగా తేల్చుకోమన్నాడు. ఫోటో ప్రింటు మాత్రం ఇవ్వలేదు. అది సాక్ష్యమట.

తేల్చుకోవడం అంత తేలిగ్గా జరగలేదు. పాండురంగం బ్యాంకులో అందర్నీ అడిగాడు. అప్పీలు చెయ్యమన్నవాళ్ళంతా పెళ్ళికానివాళ్ళు. ఇంట్లో ఆయన సాంబారు కలుపుకుంటూ న్యాయం అనేవాడు, మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి ముద్దాయి గుర్తొచ్చి మానేసేవాడు. పక్కింటి వకుళమ్మ గోడ మీద నుంచి ఇదంతా విని, హైమావతికి తన తీర్పు చెప్పింది.

"కట్టించెయ్యవే అమ్మాయ్. మీ ఆయన చేత మాట వినిపించడానికి స్తంభం పాతాల్సొచ్చింది. పాతినవాళ్ళకి ఆ మాత్రం ఇచ్చుకోవాలి."

ఆ రాత్రి భోజనాల దగ్గర హైమావతి కట్టేద్దామంది. కోర్టులూ కచేరీలూ మనకెందుకంది. పాండురంగం ఆవిడ త్యాగబుద్ధికి కరిగిపోయి వెంటనే కట్టేశాడు. మర్నాటి నుంచి స్కూటరు రెండు వీధుల అవతల, ఓ స్నేహితుడి ఇంటి సందులో ఉండసాగింది. వేసిన ముగ్గు సాయంత్రం దాకా చెక్కు చెదరలేదు. హైమావతి పనులన్నీ మానుకుని మధ్యమధ్య కిటికీలోంచి దాన్ని చూసుకుంటూ రెండ్రోజులు హాయిగా గడిపింది.

మూడో పొద్దున ఆమె నెమలి ముగ్గు వేద్దామని వంగేసరికి, కొలిచే టేపుతో ఒక అసిస్టెంటు వచ్చి నిలబడ్డాడు. క్రమబద్ధం చేసిన గుర్తుని మార్చడానికి వీల్లేదట. ఎనిమిది రేకులు, అదే కొలత, అదే చోటు, ప్రతిరోజూ దాని మీదే దిద్దాలట. మార్చాలన్నా చెరపాలన్నా కౌన్సిలు తీర్మానం కావాలట. అది లేకుండా చెరిపితే వేరే సెక్షను కింద నేరమట. అతను ఆమె చేతిలో ఒక ఉత్తర్వు పెట్టాడు. అందులో గరుడాచలం సంతకంతో ఆమెని 'రేఖా నిర్వాహకురాలు (గౌరవ)' అని నియమించారు. జీతం లేదు కాబట్టి గౌరవం అన్నమాట. చివర్లో ఒక వాక్యం ఉంది: రవాణా ప్రయోజనముల దృష్ట్యా అవసరమని తోచినచో సదరు గుర్తును విస్తరించుటకు ఆమెకు పూర్తి అధికారము కలదు. అది నిజానికి పెద్ద రహదారుల ఇంజనీర్ల కోసం ఎవరో రాసుకున్న వాక్యం. నమూనా ఉత్తర్వులోంచి తీసెయ్యడానికి ఎవరికీ అధికారం లేక అలాగే ఉండిపోయింది.

ఈలోగా వీధి మేలుకుంది. గుమ్మం ముందు ముగ్గు ఉంటే అక్కడ ఎవడూ బండి పెట్టలేడన్న సంగతి ఇల్లిల్లూ పాకింది. వీధి చివర ఫంక్షన్ హాలుంది. ముహూర్తాల రోజుల్లో పెళ్ళివారి కార్లు గేట్లకి అడ్డంగా ఆగి, ఇంట్లోవాళ్ళు బయటికి రావాలంటే పెళ్ళి అయ్యేదాకా కాచుకోవలసి వచ్చేది. ఇప్పుడు ముగ్గులు అరుగు దిగి రోడ్డు మధ్యకి నడిచాయి. ఒక పెళ్ళికి వచ్చిన కార్లన్నిటికీ తాళి కట్టే వేళకి జరిమానాలు వచ్చి, మంగళవాయిద్యాలకి మించి ఫోన్లే మోగాయని చెప్పుకున్నారు. జన్మలో ముగ్గు ముట్టని కోడళ్ళు కూడా అత్తగార్ల దగ్గర కూర్చుని మెలికలు నేర్చుకున్నారు. పాలవాను వీధి మొదట్లోనే ఆగిపోయింది. గ్యాసు బండివాడు సిలిండరు భుజాన వేసుకుని, పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడినట్టు గడులు దాటుకుంటూ వచ్చేవాడు.

రథసప్తమి నాడు వకుళమ్మ అలవాటుగా రథం ముగ్గు వేసింది. స్తంభం మీది కన్ను కాసేపు తటపటాయించి, నంబరు ప్లేటు లేని వాహనాన్ని వాకిట్లో నిలిపినందుకు ఆవిడ ఇంటి తలుపుకి నోటీసు అంటింపజేసింది. ఆవిడ దాన్ని చించకుండా దేవుడి పటాల పక్కన పెట్టుకుంది. తను వేసిన రథం కదిలేలా ఉందని ప్రభుత్వమే ఒప్పుకుందని వచ్చిన వాళ్ళందరికీ చూపించింది.

ఇక విభాగంవారు ఊరుకోలేక ఒక సర్క్యులరు తీశారు. చుక్కలు పెట్టి కలపకుండా విడిచినచో ద్విచక్ర వాహనములు నిలుపవచ్చును. కలిపినచో నిలుపరాదు. మెలికలు తిప్పుచున్నచో, మెలిక ఎటు తేలునో స్పష్టమగువరకు వాహనములు దూరముగా వేచియుండవలెను. ఈ సర్క్యులరు మీద రెండు వారాలు శిక్షణ కూడా జరిగింది. చెరిపితే నేరం కాబట్టి నేర్చుకోవడానికి వేసిన ముగ్గులు విభాగం కారిడారులో అలాగే ఉండిపోయి, ఉద్యోగులు గోడని ఆనుకుని నడిచేవారు.

వీధంతా ఇలా కేరింతలు కొడుతుంటే హైమావతి ఒక్కతే చిక్కిపోసాగింది. రోజూ అదే పద్మం. ఎనిమిది రేకులు. చేతికి నిద్ర పట్టినట్టయిపోయింది. ఒకరోజు ఉండబట్టలేక ఓ రేకు చివర చిన్న తీగ లాగింది. మధ్యాహ్నానికల్లా 'అనుమతి లేని అదనపు అంగము' తొలగించమని తాఖీదు వచ్చింది. తొలగించాలంటే చెరపాలి, చెరపాలంటే తీర్మానం కావాలి. ఆ తీగ ఎటూ కాకుండా సాయంత్రం దాకా అక్కడే ఉంది, తర్వాత దాన్ని చీమలు తీసుకుపోయాయి.

ఆ రోజు ఆమె వంటింట్లో కూర్చుని, కట్టెయ్యమని చెప్పి తనెంత పొరపాటు చేసిందో ఆలోచించింది. మళ్ళీ అప్పీలుకి వీలుందా? కట్టేసిన జరిమానా మీద లేదు. కొత్త జరిమానా పడాలి. అది పడినవాడే అప్పీలు చెయ్యాలి. కానీ ఎవడు చేసినా, గీసిన ఆవిడ ముద్దాయి అంటారు. అయితే ఆ గీసిన ఆవిణ్ణి ఉత్తర్వు ఇచ్చి నియమించినవాడు ఒకడున్నాడు. జరిమానా అతనికే పడితే? ఆవిడ ముద్దాయి అయితే ముందు అతనే ముద్దాయి కావాలి. హైమావతి లేచి, ఉత్తర్వులోని చివరి వాక్యాన్ని ఇంకోసారి చదువుకుంది. తర్వాత డబ్బాలో పెసలు ఎన్ని ఉన్నాయో చూసుకుంది.

వారం తిరక్కుండా గరుడాచలానికి ఆమె దగ్గర్నుంచి వినయమైన విన్నపం వెళ్ళింది. ఒక రేకు కొలతలో తేడా ఉన్నట్టు తనకి అనుమానంగా ఉందని, ఉన్నతాధికారులు స్వయంగా పరిశీలిస్తే తప్ప తన మనసు కుదుటపడదని ఆమె రాసింది. విభాగం చరిత్రలో తప్పు ఉందేమో చూడమని ప్రజలే కోరడం అదే మొదలు. గరుడాచలం మర్నాడు ఉదయమే జీపులో వచ్చాడు. జీపు పద్మానికి ఎడంగా, ఏ గీతా లేని చోట, చాలా జాగ్రత్తగా ఆగింది. అసిస్టెంటు కొలిచాడు. తేడా ఏమీ లేదు. అంత దూరం వచ్చారు కదా, టిఫిను చెయ్యకుండా వెళ్తే ఎలాగంది హైమావతి. పాండురంగం అధికారులిద్దర్నీ లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఆయనకి ఏమీ చెప్పలేదు కాబట్టి ఆయన మర్యాద చాలా సహజంగా ఉంది.

పెసరట్లు ఒకదాని తర్వాత ఒకటి, ఉప్మాతో, అల్లం పచ్చడితో వచ్చాయి. వడ్డించింది పాండురంగం, పెనం దగ్గర వకుళమ్మగారి కోడలు. హైమావతి, వకుళమ్మ, ఎదురింటివాళ్ళు, ఆ పక్కవాళ్ళు ముగ్గుగిన్నెలతో బయట ఉన్నారు. చుక్కలు పెట్టింది వకుళమ్మ. మెలిక అందుకుంది హైమావతి. ఎన్ని వారాలుగానో బిగబట్టిన చెయ్యి అది. పద్మం రేకు చివర్నుంచి బయల్దేరి, జీపు బానెట్టు ముందు తిరిగి, వెనక చక్రాల మధ్య నుంచి లోపలికి దూరి, మళ్ళీ బయటికొచ్చి, ఒకదాన్నొకటి పెనవేసుకున్న మెలికల్లో ఎక్కడా తెగకుండా పోయి, మొదలైన చోటే కలిసింది. జీపులో నిద్రపోతున్న డ్రైవరు ఒకసారి కళ్ళు తెరిచి, ఏదో పూజ అనుకుని దణ్ణం పెట్టుకుని మళ్ళీ పడుకున్నాడు.

కాఫీ చివరి గుక్కలో ఉండగా గరుడాచలం ఫోను టింగుమంది. అధికారిక వాహనాలకి వచ్చే నోటీసులు వాటిని వాడే అధికారి పేరు మీదే వస్తాయి. అది ఆయన పెట్టిన నిబంధనే. ఆయన బయటికొచ్చి చూసి, గొంతు సవరించుకోవడం మర్చిపోయాడు.

"ఏమిటమ్మా ఇది?"

"విస్తరణండీ. రవాణా ప్రయోజనాల దృష్ట్యా," అంది హైమావతి.

"ముందు జీపు తియ్యనివ్వండి."

"తీసుకోండి. కాకపోతే చక్రం కింద పడి గుర్తు చెరిగితే దానికి వేరే సెక్షను ఉందని తమ అసిస్టెంటే చెప్పారు."

"పోనీ, మీరే చెరిపెయ్యండి."

"నాకు వేసే అధికారం ఒక్కటే ఇచ్చారండీ. చెరపాలంటే కౌన్సిలు తీర్మానం కావాలిట."

ఫోను మళ్ళీ టింగుమంది. మొదటి నోటీసు వచ్చాక కూడా బండి కదలకపోతే వచ్చేది అది. డ్రైవరు దిగబోయి, కాలు పెట్టడానికి చోటు లేక మళ్ళీ ఎక్కాడు. అతనికి పెసరట్టు పొడుగాటి అట్లకాడ మీద అందించారు.

గరుడాచలం వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. కట్టేస్తే తప్పు చేసినట్టు సర్వీసు రికార్డులో పడుతుంది. పైగా జీపు ఎక్కడిదక్కడే ఉంటుంది, ఫోను మోగుతూనే ఉంటుంది. అప్పీలు చేస్తే గీత వేసినామెని ముద్దాయి అనాలి; ఆమెని నియమించిన సంతకం తనది. ఆయన ముఖంలో సాంబారు నుంచి మజ్జిగ దాకా వచ్చి పోయే భావాలన్నీ పాండురంగం గుర్తుపట్టి, తోటివాడన్న ఆప్యాయతతో పక్కన ఇంకో కుర్చీ వేశాడు. ఆ రెండో కుర్చీని చూసేసరికి గరుడాచలానికి దారి దొరికింది. ఈ ప్రాంతంలో అప్పీళ్ళు వినవలసింది ఆయనే.

అసిస్టెంటుని రాసుకోమని, ఆయన మొదటి కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి రెండో కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"గీత ఉన్నదా, లేదా?" అని కఠినంగా అడిగాడు.

మొదటి కుర్చీలోకి వచ్చి, "ఉందండీ. కానీ అది గీత కాదండీ, ముగ్గు," అన్నాడు.

"ముగ్గు అను పదము నియమావళియందు నిర్వచింపబడలేదే?"

"తమరు నిర్వచించవచ్చు కదండీ. తమరికి ఆ అధికారం ఉంది."

రెండో కుర్చీలో ఆయన చాలాసేపు ఆలోచించాడు. తనతో అంత మర్యాదగా మాట్లాడిన అర్జీదారుని ఆయన సర్వీసులో చూసి ఉండడు. చివరికి గొంతు సవరించుకుని, ఒక్క క్షణం ఆగి, తీర్పు చెప్పాడు. ముగ్గు అనగా గృహిణులు వాకిట తమకు తోచిన విధమున వేయునట్టిది. అది రహదారి గుర్తు కాదు. దానిని మార్చుటకు గాని, చెరపుటకు గాని, మానుటకు గాని ఎవరి అనుమతియు అక్కరలేదు. దానిపై వాహనము నిలుపుట గాని నడుపుట గాని నేరము కాదు. అప్పీలు అనుమతించడమైనది. తీర్పు ఇచ్చినవాడు మొదటి కుర్చీకి వచ్చి చెయ్యెత్తి నమస్కరించాడు.

జీపు మెలికల మీదుగా వెళ్ళిపోయింది. ఆడవాళ్ళెవరూ అయ్యో అనలేదు. ముగ్గు రేపటిదాకా ఉండాలని ఎవరూ వెయ్యరు.

ఆ సాయంత్రం పాండురంగం స్కూటరుని సందులోంచి ఇంటికి తెచ్చుకున్నాడు. తీర్పు నకలు అసిస్టెంటు దగ్గర సంపాదించి, అందులో ఒక్క వాక్యం భార్యకి రెండుసార్లు చదివి వినిపించాడు. దానిపై వాహనము నిలుపుట నేరము కాదు. హైమావతి వింటూ బియ్యంలో రాళ్ళు ఏరుకుంది. ఆయన స్కూటరుని గుమ్మం ముందు, పాతచోటే, కాస్త గర్వంగా స్టాండు వేశాడు.

మర్నాడు టిఫిను డబ్బా, హెల్మెటు పట్టుకుని బయటికొచ్చేసరికి వాకిలి లేదు. స్కూటరు చుట్టూ, ఇంతకుముందు ఎన్నడూ చూడని ఒక తీగ ముగ్గు. ఆకులు, మొగ్గలు, విచ్చీ విచ్చని పూలు, రెండు చక్రాల మధ్య నుంచి దూరి వచ్చిన ఒక చిలక. గేటు దాకా ఎక్కడా జానెడు ఖాళీ లేదు. హైమావతి గిన్నె చంకన పెట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది.

"నేరం కాదటగా. తీసుకెళ్ళండి," అంది.

పాండురంగం స్తంభం మీది కంటికేసి చూశాడు. అది చూసింది, ఊరుకుంది. తర్వాత భార్య కళ్ళకేసి చూశాడు. ఆ చూపు మీద ఎక్కడ అప్పీలు చేసుకోవాలో ఏ నియమావళిలోనూ రాసి లేదు. ఆయన ప్యాంటు కాళ్ళు పైకి మడుచుకుని, గోడని ఆనుకుని, చిలక తోక తొక్కకుండా గేటు దాటి, బస్సు స్టాపు వైపు నడిచాడు.